డ్రమ్ము చెప్పే లెక్క



కర్నూలులోనో కడపలోనో, నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో, మీ వీధిలో ఎవరో ఒకరు స్లాబు వేస్తుంటే చూసే ఉంటారు. ఇదివరకైతే మిల్లరు తెచ్చి వాకిట్లో పెట్టేవారు. కంకర, ఇసుక, సిమెంటు గంపలతో ఎత్తిపోసి మాలు కలిపేవారు. తట్టలు చేతులు మారుతూ మిద్దె మీదికి పోయేవి. ఇప్పుడు చాలాచోట్ల ఆ సందడి లేదు. పెద్ద బండి ఒకటి వస్తుంది. వెనకాల ఏటవాలుగా పెద్ద డ్రమ్ము. దారి పొడవునా తిరుగుతూనే వస్తుంది. ఇంజనీర్లు దాన్ని ట్రాన్సిట్ మిక్సర్ అంటారు. మనవాళ్లు ఆర్‌ఎంసీ బండి అంటారు. ప్లాంటులో తూకం వేసి కలిపిన కాంక్రీటు అందులో ఉంటుంది. మామూలుగా ఒక బండికి 6 క్యూబిక్ మీటర్లు. అంటే 14 టన్నులకు పైమాటే.

ఈ రోజు ఆ డ్రమ్ము గురించే మాట్లాడుకుందాం. లోపల కాంక్రీటు ఎంత గట్టిగా ఉంది, ఎంత జారుగా ఉంది? బయటినుంచి చూస్తే తెలియదు. అది చెప్పడానికి ఇప్పుడు సెన్సార్లు వచ్చాయి. డ్రైవరు ముందున్న తెరమీద అంకె చూపిస్తాయి. ఆ అంకెను నమ్మవచ్చా? నమ్మాలంటే ముందు ఏం చేసి ఉండాలి? నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు అసలు బాధ ఎక్కడుందో చూద్దాం.

మే నెల. పొద్దున పదకొండు గంటలు. ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ప్లాంటు నుంచి బయలుదేరిన బండి ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చింది. చ్యూటులోంచి కాంక్రీటు దిగడం మొదలైంది. దిగడం లేదు, నిలుస్తోంది. పైనుంచి మేస్త్రీ కేక వేస్తాడు.

"ఓ అన్నా, ఇంగ కొన్ని నీళ్లు ఇడువు. మాలు కదలడంల్యా."

డ్రైవరు బండి మీదున్న నీళ్ల ట్యాంకు పైపు తిప్పుతాడు. నీళ్లు డ్రమ్ములోకి పోతుంటాయి. ఎన్ని లీటర్లు? ఎవరూ కొలవరు. మేస్త్రీ చెయ్యెత్తి చాలనేదాకా.

నేను మేస్త్రీని తప్పుపట్టడం లేదు. ఆయన బాధ నిజమైనదే. గట్టి కాంక్రీటు కడ్డీల సందుల్లోకి పోదు. పంపు పట్టేస్తుంది. సెంట్రింగ్ విప్పాక దూలం కింద కంకర తేలి, బొక్కలు బొక్కలుగా కనిపిస్తుంది. పైగా ఎండలో పనిచేస్తున్నవాళ్లు మనుషులు. మాలు జారితే వాళ్ల రెక్కలకు కాస్త ఊరట. కాబట్టి సమస్య నిజం. దానికి నీళ్లు పోయడమే తప్పు.

ఎందుకు తప్పు? సిమెంటు గట్టిపడటానికి తన బరువులో దాదాపు నాలుగో వంతు నీళ్లు చాలు. మనం అంతకంటే ఎక్కువే పోస్తాం. ఆ ఎక్కువ నీళ్లు బలం కోసం కాదు, పని సాగడం కోసం. కొద్దిరోజులకు ఆ నీళ్లు ఆరిపోతాయి. అవి ఉన్న చోటు ఖాళీగా మిగులుతుంది. కంటికి కనబడని సన్నని రంధ్రాలు. వాటిగుండానే తేమ లోపలికి పోతుంది, కడ్డీ తుప్పు పడుతుంది. అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ అనే ఇంజనీరు షికాగో నగరంలోని లూయిస్ ఇన్‌స్టిట్యూట్‌లో కాంక్రీటు దిమ్మెలు పోసి, పగలగొట్టి, పోసి, పగలగొట్టి, 1918లో ఈ విషయం తేల్చి చెప్పాడు. సిమెంటుకు నీళ్లు ఎంత పాలు ఎక్కువైతే బలం అంత తగ్గుతుంది. వందేళ్లు దాటింది. ఆ మాట ఇప్పటికీ మారలేదు.

మోటు లెక్క ఒకటి చెబుతాను, గుర్తుపెట్టుకోండి. క్యూబిక్ మీటరుకు 5 లీటర్ల నీళ్లు అదనంగా పోస్తే కాంక్రీటు కంటికి తెలిసేంత జారుగా మారుతుంది. బండిలో 6 క్యూబిక్ మీటర్లు ఉన్నాయి కదా. అంటే 30 లీటర్లు. రెండు బకెట్లు. రెండు బకెట్లతో 14 టన్నుల కాంక్రీటు గుణం మారిపోతుంది. అలాంటిది, పైపు తెరిచి రెండు మూడు నిమిషాలు వదిలేస్తే ఎన్ని బకెట్లు పోతాయో మీరే ఊహించండి.

ఈ విషయం మన జిల్లాల్లో నాకు మరీ బాధ కలిగిస్తుంది. ఎందుకంటే ఇది సిమెంటు పుట్టే నేల. ఎర్రగుంట్ల, చిలమకూరు, నల్లలింగాయపల్లె, జమ్మలమడుగు. ఇటు బేతంచెర్ల పక్క, కొలిమిగుండ్ల పక్క. ఈ నేలకింద ఉన్న సున్నపురాయికి భూగర్భ శాస్త్రవేత్తలు మన కడప జిల్లా ఊరి పేరే పెట్టారు, నార్జి సున్నపురాయి అని. ఆ రాయిని తవ్వి, పొడిచేసి, 1,400 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చి సిమెంటు చేస్తారు. ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలితే మిగిలే బూడిద ఉంది కదా, అటువంటి బూడిదను కూడా సిమెంటులో కలుపుతారు. ఇంత కష్టం, ఇంత బొగ్గు, ఇంత కరెంటు ఖర్చుపెట్టి తెచ్చుకున్న బలాన్ని ఆఖరి పది నిమిషాల్లో పైపు నీళ్లతో పారబోసుకోవడం నాకు మింగుడు పడదు.

సరే. మరి కాంక్రీటు జారుతనం కొలవడానికి ఏముంది? ఒక ఇనుప కోను ఉంది. దాన్నే స్లంప్ కోన్ అంటారు. ఎత్తు 300 మిల్లీమీటర్లు. అడుగున వెడల్పు, పైన సన్నం. దాన్ని తడిపి, చదునైన పలక మీద పెడతారు. కాంక్రీటును పొరలు పొరలుగా నింపుతారు. ఒక్కో పొరను ఇనుప కడ్డీతో 25 పోట్లు పొడుస్తారు. పైన చదును చేసి, కోనును నిదానంగా, నిట్టనిలువుగా పైకి ఎత్తుతారు. లోపలి కాంక్రీటు తన బరువుకు తానే కిందికి కుంగుతుంది. ఎంత కుంగిందో అదే స్లంప్. 100 మిల్లీమీటర్లు కుంగితే స్లంప్ 100. ఎక్కువ కుంగితే జారు. తక్కువ కుంగితే గట్టి. అంతే.

ఇది మంచి పరీక్ష. చవక. ఎవరైనా నేర్చుకోవచ్చు. రెడీమిక్స్ కాంక్రీటుకు మన దేశ ప్రమాణం ఐఎస్ 4926 ఉంది. మీరు 100 స్లంప్ అడిగితే, అటు 25, ఇటు 25 లోపల రావాలని ఆ ప్రమాణం చెబుతుంది. బండి నింపిన సమయం నుంచి రెండు గంటల్లో కాంక్రీటు దింపేయాలని కూడా చెబుతుంది. మందు కలిపి ఆలస్యంగా గట్టిపడేలా చేస్తే తప్ప.

కానీ కోనుకు ఒక పరిమితి ఉంది. అది బండి ఆగినచోటే పనిచేస్తుంది. దారిలో డ్రమ్ములో ఏం జరుగుతోందో దానికి తెలియదు. రోజుకు ముప్పై బండ్లు వచ్చే సైటులో ప్రతి బండికీ కోను పట్టేవాళ్లు ఎందరు? మొదటి బండికి పడతారు, మధ్యలో ఒకటి రెండింటికి పడతారు. కోను పట్టి, కాగితం మీద సంతకం పెట్టాక పైపు తెరిచేవాళ్లూ ఉన్నారు.

అందుకే ఆలోచన డ్రమ్ము దగ్గరికే వెళ్లింది. బండి తిరుగుతుండగానే, డ్రమ్ము దగ్గరే కొలిస్తే?

మన ఇళ్లలో రాగి సంగటి కెలికేవాళ్లను చూడండి. కుండలోకి తొంగి చూడనక్కరలేదు. తెడ్డు తిప్పుతుంటే చేతికి తగిలే బరువును బట్టి ఉడుకు కుదిరిందా, ఇంకా పల్చగా ఉందా చెప్పేస్తారు. బండిలో సెన్సారు చేసే పని కూడా ఇదే. డ్రమ్మును తిప్పేది హైడ్రాలిక్ మోటారు. దానిలోకి పంపు ఆయిల్‌ను ఒత్తిడితో పంపుతుంది. లోపల కాంక్రీటు గట్టిగా ఉంటే రెక్కలు దాన్ని పైకి లేపడానికి ఎక్కువ బలం కావాలి. ఆయిల్ ఒత్తిడి పెరుగుతుంది. కాంక్రీటు జారుగా ఉంటే ఒత్తిడి తగ్గుతుంది. ఆ ఒత్తిడిని కొలిచేది ఒక సెన్సారు. డ్రమ్ము ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచేది ఇంకొకటి. నీళ్ల పైపుకు మీటరు ఇంకొకటి. అమెరికాలో వెరిఫై అనే వ్యవస్థ ఈ దారిలోనే పనిచేస్తుంది. ఇంకో రకం సెన్సారు కూడా ఉంది. అది డ్రమ్ము లోపలే బిగించిన చిన్న మొన. డ్రమ్ము తిరిగినప్పుడల్లా కాంక్రీటును చీల్చుకుంటూ పోయి, దాని మీద పడే బలాన్ని చెబుతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ ప్రసంగంలో అతి ముఖ్యమైన మాట ఇదే.

సెన్సారుకు కాంక్రీటు తెలియదు. స్లంప్ అంటే ఏమిటో దానికి తెలియదు. దానికి తెలిసింది ఒత్తిడి ఒక్కటే. ఫలానా ఒత్తిడి ఉంటే స్లంప్ ఫలానా అని దానికి ఎవరో నేర్పాలి. ఆ నేర్పడాన్నే క్యాలిబ్రేషన్ అంటారు. నేర్పేవాళ్లు సరిగ్గా నేర్పితే అంకె సరైనది. నేర్పకపోయినా, ఇంకెక్కడో నేర్పి తెచ్చి ఇక్కడ బిగించినా, తెరమీద అంకె వస్తూనే ఉంటుంది. కానీ ఆ అంకెకు విలువ లేదు. మళ్లీ చెబుతున్నాను. సెన్సారుకు తెలిసింది ఒత్తిడి మాత్రమే. స్లంప్ అనేది మనం నేర్పింది.

ఎలా నేర్పుతారు? ఒక ప్లాంటు ఆవరణలోకి వెళదాం, రండి.

పొద్దున ఆరు గంటలు. బండిని చదునైన చోట నిలబెట్టారు. చదును ఎందుకంటే, బండి వాలుగా ఉంటే కాంక్రీటు డ్రమ్ములో ఒక పక్కకు జరుగుతుంది, ఒత్తిడి మారుతుంది. మొదటి పని డ్రమ్ము ఖాళీ చేయడం. నిన్న సాయంత్రం కడిగిన నీళ్లు అడుగున మిగిలి ఉండవచ్చు. డ్రమ్మును వెనక్కి తిప్పి ఆఖరి చుక్కదాకా పారబోస్తారు. ఇది చిన్న సంగతి కాదు. ఆ నీళ్లు ఈ రోజు కాంక్రీటులో కలుస్తాయి, ప్లాంటు కంప్యూటరులో వాటి లెక్క ఉండదు.

తర్వాత ఒకరు టార్చిలైటు పట్టుకుని డ్రమ్ములోకి తొంగి చూస్తారు. రెక్కల మీద పాత కాంక్రీటు పెళ్లలు కట్టిందా? కట్టి ఉంటే కొట్టించాలి. గడ్డకట్టిన కాంక్రీటు డ్రమ్ము బరువు పెంచుతుంది. రెక్కల లోతు తగ్గిస్తుంది. అప్పుడు సెన్సారు పాత పెళ్లల బరువును కూడా కొత్త కాంక్రీటు ఖాతాలో వేస్తుంది.

ఇప్పుడు ఖాళీ డ్రమ్మును తిప్పుతారు. కాసేపు తిరగనిస్తారు. చల్లని ఆయిల్ చిక్కగా ఉంటుంది, వేడెక్కాక పల్చబడుతుంది. ఆయిల్ వేడి నిలకడకు వచ్చాక ఒత్తిడి రాసుకుంటారు. ఇదీ మన సున్నా. ఏ కొలతకైనా సున్నా సరిగ్గా ఉండాలి కదా.

ఆ తర్వాత నీళ్ల మీటరు. 200 లీటర్ల పీపా ఒకటి పెట్టి నింపుతారు. మీటరు 200 చూపించిందా? 190 చూపిస్తే సరిచేయాలి. ఈ పని చాలామంది వదిలేస్తారు. వదలకూడదు.

ఇక కాంక్రీటు. బండి నిండా నింపుతారు. కావాలనే గట్టిగా కలుపుతారు. బాగా కలిసేదాకా డ్రమ్మును వేగంగా తిప్పుతారు. తర్వాత వేగం తగ్గించి, ఒకే వేగంలో, నిమిషానికి మూడు నాలుగు చుట్లు తిరిగేలా పెడతారు. అంకె కాసేపు ఊగుతుంది. కుదుటపడుతుంది. రాసుకుంటారు. ఆ వెంటనే నమూనా తీస్తారు. మొదట దిగే కాస్త కాంక్రీటు కాదు, కొంత దిగాక వచ్చేది. ల్యాబు కుర్రాడు నీడలో పలక సిద్ధం చేసుకుని ఉన్నాడు. కోను నింపుతాడు. 25 పోట్లు. ఎత్తుతాడు. స్కేలు పెట్టి చూస్తాడు.

"ఎంత వచ్చెనప్పా?"

"అరవై సార్."

పుస్తకంలో ఒక పక్క ఒత్తిడి, ఇంకో పక్క అరవై. ఒక చుక్క దొరికింది.

ఇప్పుడు నీళ్లు. అయితే కొలిచి పోస్తారు. మళ్లీ వేగంగా కలుపుతారు. మళ్లీ అదే నిదానపు వేగం. మళ్లీ ఒత్తిడి. మళ్లీ కోను. ఎనభై అయిదు. ఇంకో చుక్క. ఇలా జారు కాంక్రీటు దాకా పోతారు. ఆ చుక్కలన్నీ కలిపితే ఒక గీత వస్తుంది. అది తిన్నని గీత కాదు, వంపు గీత. గట్టి కాంక్రీటు దగ్గర కొంచెం స్లంప్ మారినా ఒత్తిడి బాగా మారుతుంది. బాగా జారు కాంక్రీటు దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా పలచబడుతుంది. అంటే జారు ఎక్కువైనకొద్దీ సెన్సారు చూపు మందగిస్తుంది. ఇది తెలిసి ఉంటే అక్కడ కోనునే ఎక్కువ నమ్ముతాం.

ఒక్క గీతతో పని అయిపోదు. నిండు బండికి గీసిన గీత సగం బండికి పనికిరాదు. తక్కువ కాంక్రీటు ఉంటే ఒత్తిడి ఎలాగూ తక్కువే. దాన్ని చూసి సెన్సారు 'ఇది జారుగా ఉంది' అనుకోకూడదు. కాబట్టి తక్కువ లోడుతో మళ్లీ అంతా చేయాలి. ఇంకా కంకర మారితే? ఒక క్వారీ కంకర అన్ని వైపులా సమంగా ఉంటుంది, ఇంకో క్వారీ కంకర పలకలు పలకలుగా వస్తుంది. రోబో ఇసుకలో దుమ్ము ఎక్కువైతే నీళ్లు తాగేస్తుంది. మిశ్రమం మారితే మళ్లీ సరిచూడాలి. ఇంకో బండి అయితే? ఒకే కంపెనీ బండి అయినా ఒకటి కొత్తది, ఇంకొకటి పదేళ్ల పాతది. పాత పంపు, అరిగిన గేర్లు. దాని ఒత్తిడి వేరు. ఒక బండికి నేర్పింది ఇంకో బండికి అంటగట్టకూడదు.

అసలు నేర్పే గురువు కోను కదా. ఆ కోను ఎంత నిజం చెబుతుంది? ఇద్దరు నేర్పరులు ఒకే కాంక్రీటుకు పరీక్ష చేసినా 20, 25 మిల్లీమీటర్ల తేడా రావచ్చు. కోను తొందరగా ఎత్తితే ఒక అంకె, వంకరగా ఎత్తితే ఇంకో అంకె. అందుకని ఒక్క కోనుతో నేర్పకూడదు. ప్రతి చోటా రెండు మూడుసార్లు పట్టి సగటు తీయాలి. ఎన్ని చుక్కలుంటే గీత అంత నమ్మకం. గురువు తడబడితే శిష్యుడికి సరైన చదువు రాదు. ఇదంతా అయ్యాక ఇంకో పని ఉంది. నేర్పడానికి వాడని కొత్త లోడు ఒకటి తెచ్చి, సెన్సారు చెప్పే అంకెను ముందు రాసుకుని, తర్వాత కోను పట్టాలి. రెండూ కలిశాయా? అప్పుడే క్యాలిబ్రేషన్ పూర్తయినట్టు. నా దృష్టిలో ఈ ఆఖరి పరీక్ష చేయని క్యాలిబ్రేషన్ సర్టిఫికేటు ఉత్త కాగితమే.

ఇక మన ఎండ. ఇక్కడే రాయలసీమ సంగతి వేరుగా చెప్పుకోవాలి.

గాలి వేడి 40 డిగ్రీలు దాటితే, అది మామూలు కాంక్రీటు పని కాదని, వేడి వాతావరణపు పని అని మన దేశ ప్రమాణం ఐఎస్ 7861 అంటుంది. పోసేటప్పుడు కాంక్రీటు వేడి 40 లోపల ఉండాలని కూడా అంటుంది. కర్నూలులో, నంద్యాలలో, కడపలో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం ఎవరికి వింత? చలికాలపు ఉదయం గంటన్నర ప్రయాణానికి తట్టుకునే కాంక్రీటు మే నెల మధ్యాహ్నం అరగంటకే బిగుసుకుపోవడం మొదలుపెడుతుంది. ప్రమాణం రెండు గంటలు అన్నది కదా అని ఎండలో నిశ్చింతగా ఉండకూడదు.

చాలాచోట్ల క్యాలిబ్రేషన్ చల్లని పూట చేస్తారు. చేసేవాళ్లకు హాయి. కానీ ఆ బండి పనిచేసేది మధ్యాహ్నం కూడా. ఆయిల్ బాగా కాగి ఉంటుంది. డ్రమ్ము ఇనుము కాగి ఉంటుంది. కాంక్రీటు నిమిష నిమిషానికి మారుతూ ఉంటుంది. కాబట్టి మన దగ్గర బండికి ఎండాకాలపు క్యాలిబ్రేషన్ వేరుగా ఉండాలి. మే నెలలో, మిట్టమధ్యాహ్నం. చేసేవాళ్లకు కష్టమే. కానీ సెన్సారు పనిచేయాల్సింది ఆ కష్టకాలంలోనే.

మరి దారిలో కాంక్రీటు బిగుస్తోందని సెన్సారు చెప్పిందనుకోండి. ఏం చేయాలి? నీళ్లు పోయాలా? ప్లాంటులో మిశ్రమం తయారుచేసేటప్పుడే కొన్ని నీళ్లు తక్కువ వేసి, ఆ మిగిలినంత మాత్రమే దారిలో, కొలిచి, కలుపుకోవచ్చు. ఆ హద్దు దాటకూడదు. ఆ తర్వాత అడ్మిక్చర్ ఉంది. నీళ్లు పెంచకుండా కాంక్రీటును జారేలా చేసే ద్రవం. అయితే ఇక్కడ ఒక మెలిక. నీళ్లతో 100 స్లంప్ వచ్చిన కాంక్రీటు, అడ్మిక్చర్‌తో 100 స్లంప్ వచ్చిన కాంక్రీటు డ్రమ్ములో ఒకేలా తిరగవు. కదలడం మొదలుపెట్టడానికి కావలసిన బలం వేరు, కదులుతూ ఉండటానికి కావలసిన బలం వేరు. బ్రిటన్‌లో టాటర్‌సాల్ అనే పరిశోధకుడు 1970ల్లోనే ఈ సంగతి చెప్పాడు. ఒక్క అంకెతో కాంక్రీటు గుణం పూర్తిగా తెలియదని, రెండు వేగాల్లో కొలవాలని. కాబట్టి మీ మిశ్రమంలో అడ్మిక్చర్ ఉంటే, నేర్పేటప్పుడు కూడా అది ఉండాలి.

వేడి తగ్గించే ఉపాయాలు పాతవే, మంచివే. కంకర కుప్పల మీద నీడ. కంకరకు తడుపు. కలిపే నీళ్లలో మంచు. డ్రమ్ము మీద తడి గోనెపట్టా. వీలైతే రాత్రిపూట స్లాబు. వీటి అవసరాన్ని సెన్సారు తీసేయదు. ఇవి లేకపోతే సెన్సారు ఒక్కటే ఏమీ చేయలేదు.

అయితే సెన్సారు వల్ల ఒరిగేది ఏమిటి అని మీరు అడగవచ్చు. తెరమీద స్లంప్ అంకె కంటే నాకు ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి ఉంది. నీళ్ల పైపు ఎప్పుడు తెరిచారు, ఎన్ని లీటర్లు పోయాయి, అప్పటికి బండి నింపి ఎంతసేపైంది, ఇవన్నీ సెన్సారు లెక్కలో రాసి ఉంటాయి. ఇప్పటిదాకా ఎవరూ లెక్కపెట్టని ఆ రెండు బకెట్లకు లెక్క వచ్చింది. రేపు పరీక్ష దిమ్మె బలం తగ్గితే సిమెంటుదా తప్పు, ప్లాంటుదా, డ్రైవరుదా, సైటుదా అని ఒకరిమీద ఒకరు తోసుకోనక్కరలేదు. డ్రైవరుకు కూడా ఇది రక్షణే. పైనుంచి మేస్త్రీ కేక వేసినప్పుడు, "అన్నా, హద్దు అయిపోయింది. ప్లాంటుకు ఫోన్ చేద్దాం" అని చెప్పే ధైర్యం వస్తుంది.

ఈ లెక్క ఇళ్లకే కాదు. పాణ్యం దగ్గర పిన్నాపురంలో 2022 మే నెలలో శంకుస్థాపన జరిగిన పంప్డ్ స్టోరేజీ విద్యుత్ ప్రాజెక్టు లాంటి పనులు చూడండి. గాలిమరల పునాదులు చూడండి. ఒక పునాది మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. బండి తర్వాత బండి రావాలి. అన్ని బండ్ల కాంక్రీటూ ఒకే తీరున ఉండాలి. ఒక బండి గట్టిగా, ఒక బండి జారుగా వస్తే పునాది ఒకే దిమ్మెగా కట్టుకోదు. అలాంటి చోట ప్రతి బండికీ కొలత ఉండటం విలాసం కాదు, అవసరం.

మన ప్రాంతంలో తిరిగే బండ్లలో ఎక్కువ భాగానికి ఈ సెన్సార్లు ఇంకా లేవు. వస్తాయి. వచ్చేలోపల కోను ఉంది. సెన్సారు వచ్చాక కూడా కోను ఉండాలి, దానికి నేర్పడానికి, అప్పుడప్పుడు దాన్ని సరిచూడటానికి.

ఇల్లు కట్టుకుంటున్న శ్రోతలకు నా విన్నపం. బండి రాగానే చలానా అడగండి. దానిమీద బండి నింపిన సమయం ఉంటుంది. గడియారం చూసుకోండి. మీ ఎదుటే కోను పట్టమనండి. మీ డబ్బుతో వచ్చిన కాంక్రీటు అది, అడగడానికి మొహమాటం వద్దు. పైపు తెరవబోతే ఎన్ని లీటర్లని అడగండి. బండిలో సెన్సారు ఉందని ఎవరైనా గొప్పగా చెబితే, ఒక్క ప్రశ్న వేయండి. ఈ బండికి ఆఖరిసారి క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేశారు?

మన ఇంజనీరింగ్ కాలేజీల వాళ్లకూ ఒక మాట. కర్నూలులో ట్రిపుల్ ఐటీ ఉంది. కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు చుట్టూ సివిల్, మెకానికల్ చదివే పిల్లలు ఎందరో ఉన్నారు. సిమెంటు ఇక్కడే. ఎండ ఇక్కడే. బండ్లు ఇక్కడే. ఈ ఎండలో, ఈ కంకరతో, ఈ రోబో ఇసుకతో ఒత్తిడికీ స్లంప్‌కూ ఉన్న గీత ఎలా ఉంటుందో మన పిల్లలే గీయాలి. వేరే ఊళ్లో, చల్లని చోట గీసిన గీత మనకు సరిపోదు. వచ్చే వేసవికి ఒక ప్లాంటుతో మాట్లాడుకుని, ఒక బండి అడిగి, ఒక కోను పట్టుకుని మొదలుపెట్టండి. అధ్యాపకులు ఆ పిల్లలకు తోడుగా నిలవాలి.